కంప్యూటర్ ఫ్యాన్ల రొద తగ్గించడం ఎలా: ఏది కొనాలి, వేగం ఎలా అమర్చాలి

ఇంట్లో కంప్యూటర్ రొద పెడుతోందంటే చాలామంది ముందు చేసేది ఆన్‌లైన్‌లో కొత్త ఫ్యాన్లు వెతకడం. నన్నడిగితే అది చివర్లో చేయాల్సిన పని. ఉన్న ఫ్యాన్లనే సరైన చోట తగిలించి, వేగం సరిగ్గా అమర్చుకుంటే చాలా ఇళ్లలో గోల అక్కడితోనే తీరిపోతుంది. రూపాయి ఖర్చుండదు, ఒక సాయంత్రం కేటాయిస్తే చాలు.

అయితే మన వాతావరణంలో ఒక చిక్కుంది. మే నెలలో సీలింగ్ ఫ్యాన్ ఐదులో తిరుగుతూ, పక్కన కూలర్ హోరెత్తిస్తుంటే కంప్యూటర్ చప్పుడు ఎవరికీ వినపడదు. కానీ గది 36 డిగ్రీలుండేది, ప్రాసెసర్‌కి గాలి బాగా కావాల్సింది అప్పుడే. డిసెంబర్ రాత్రి ఫ్యాన్ ఆపేసి, కిటికీలు వేసుకుని కూర్చుంటే చిన్న గుయ్‌మన్న మోత కూడా చెవిలో దూరుతుంది. గది 24 డిగ్రీలుంటుంది కాబట్టి అప్పుడు అంత గాలి అవసరం కూడా ఉండదు. అంటే చప్పుడు బాధ చలికాలానిది, వేడి బాధ ఎండాకాలానిది. డిసెంబర్‌లో చక్కగా కుదిరిన సెట్టింగ్ మే వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. కింద చెప్పిన ప్రతి అడుగులోనూ ఈ రెండు నెలల్నీ మనసులో పెట్టుకోండి.

మొదటి అడుగు: మోగుతున్నది ఏదో పట్టుకోండి

చప్పుడు తీరును బట్టే సగం సంగతి తెలుస్తుంది. బుస్సుమని గాలి శబ్దం వస్తుంటే వేగం ఎక్కువైందని అర్థం. ఒకే స్వరంలో గుయ్‌మంటుంటే ఫ్యాన్ వణుకు క్యాబినెట్ రేకుకి పాకుతోంది. రేకు మీద అరచెయ్యి గట్టిగా ఆనించి చూడండి, మోత మారితే అదే కారణం. టిక్‌టిక్ అనో గరగర అనో వస్తే బేరింగ్ అరిగి ఉంటుంది, లేదా ఏదో వైరు రెక్కకు తగులుతూ ఉంటుంది. గేమ్ మెనూలో ఉన్నప్పుడు సన్నగా కీచుమంటే మాత్రం అది ఫ్యాన్ కాదు, గ్రాఫిక్స్ కార్డులోని కాయిల్స్. ఎన్ని ఫ్యాన్లు మార్చినా అది పోదు. గేమ్‌లో ఫ్రేమ్ రేటుకి పరిమితి పెడితే చాలావరకు తగ్గుతుంది.

శబ్దం తీరు బట్టి తేలకపోతే కంప్యూటర్ ఆపి, ఒక క్యాబినెట్ ఫ్యాన్ కనెక్టర్ తీసి మళ్లీ ఆన్ చేసి వినండి. తర్వాత దాన్ని పెట్టేసి ఇంకోటి తీయండి. ప్రాసెసర్ మీది ఫ్యాన్‌ని ఇలా తీయొద్దు. తిరుగుతున్న రెక్కల మధ్య పెన్నో వేలో పెట్టి ఆపే పద్ధతీ వద్దు. ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బా) లోపలి ఫ్యాన్ మోగుతోందని తేలితే దాన్ని విప్పే ప్రయత్నం అసలే చేయకండి. ప్లగ్ పీకేసినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉండొచ్చు. వారంటీ ఉంటే వాడుకోండి, లేకపోతే ఎస్ఎంపీఎస్‌నే మార్చండి.

పనిలో పనిగా కంప్యూటర్ పెట్టిన చోటు కూడా చూడండి. మనవాళ్ల కంప్యూటర్ టేబుళ్లలో క్యాబినెట్ కోసం కింద ఒక అర ఉంటుంది, వెనక చెక్క, ముందు తలుపు. వెనక నుంచి బయటికి పోవాల్సిన వేడిగాలి ఆ అరలోనే తిరిగి ముందు ఫ్యాన్లలోకి వచ్చేస్తుంది. అలాంటి అరలో ఎంత ఖరీదైన ఫ్యాన్ పెట్టినా అరుస్తూనే ఉంటుంది. క్యాబినెట్‌ని బయటికి తీసి, వెనక జానెడు ఖాళీ ఉండేలా పెట్టండి. కింద నుంచి గాలి పీల్చే ఎస్ఎంపీఎస్ అయితే కార్పెట్ మీద పెట్టకండి.

రెండో అడుగు: వైరు ఎక్కడికి పోతోందో చూడండి

తక్కువ ధర క్యాబినెట్లతో వచ్చే రంగురంగుల లైట్ల ఫ్యాన్లలో చాలావాటికి మదర్‌బోర్డుతో సంబంధమే ఉండదు. ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే పెద్ద నాలుగు పిన్నుల మోలెక్స్ వైరుకి నేరుగా తగిలించేసి ఉంటారు. అలా తగిలిస్తే 12 వోల్టులు నిరంతరం అందుతాయి, ఫ్యాన్ ఎప్పుడూ పూర్తి వేగంలోనే తిరుగుతుంది. బయాస్‌లో, అంటే విండోస్ మొదలయ్యే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, ఎన్ని మార్చినా దానికి ఏమీ తెలియదు. మీ క్యాబినెట్‌ది ఇదే పరిస్థితైతే, ఆ ఫ్యాన్‌కి మూడు లేదా నాలుగు పిన్నుల చిన్న కనెక్టర్ కూడా ఉందేమో వెతకండి. ఉంటే దాన్ని మదర్‌బోర్డు మీది ఫ్యాన్ హెడర్‌కి, అంటే ఫ్యాన్ వైరు తగిలించే పిన్నులకి, మార్చండి. లేకపోతే, ఈ వ్యాసంలో కొత్త ఫ్యాన్ కొనమని నేను మొహమాటం లేకుండా చెప్పే సందర్భం ఇదొక్కటే.

మూడు పిన్నుల ఫ్యాన్‌లో ఒకటి గ్రౌండ్, ఒకటి 12 వోల్టులు, మూడోది ఫ్యాన్ ఎంత వేగంగా తిరుగుతోందో బోర్డుకి చెప్పే సిగ్నల్. ఒక చుట్టుకి రెండు పల్స్‌లు వస్తాయి, వాటిని లెక్కపెట్టే బోర్డు ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఎన్ని చుట్లో, చూపిస్తుంది. ఇలాంటి ఫ్యాన్‌ని నెమ్మదించాలంటే వోల్టేజీ తగ్గించాలి, అది డీసీ మోడ్. నాలుగు పిన్నుల దాంట్లో అదనంగా పీడబ్ల్యూఎం సిగ్నల్ వైరు ఉంటుంది. వోల్టేజీ 12 దగ్గరే ఉంటుంది, 25 కిలోహెర్ట్జ్ సిగ్నల్ ద్వారా ఎంత శాతం వేగం కావాలో బోర్డు చెబుతుంది.

మూడు పిన్నుల ఫ్యాన్ నాలుగు పిన్నుల హెడర్‌లో చక్కగా కూర్చుంటుంది. కానీ ఆ హెడర్ పీడబ్ల్యూఎం మోడ్‌లో ఉంటే ఫ్యాన్ పూర్తి వేగంతో పరిగెడుతుంది. కొత్త ఫ్యాన్ కొన్నా రొద తగ్గలేదని వాపోయేవాళ్లలో చాలామందిది ఇదే కథ. బయాస్‌లో ఆ హెడర్‌ని డీసీకి మారిస్తే అప్పటికప్పుడు సద్దుమణుగుతుంది. ఆటో అని ఉన్నా నమ్మకుండా మీరే ఎంచుకోండి.

హెడర్లు చాలకపోతే స్ప్లిటర్ (ఒక హెడర్‌కి రెండు ఫ్యాన్లు తగిలించే వైరు) వాడొచ్చు. మామూలు హెడర్ 1 ఆంపియర్ వరకు భరిస్తుంది. ఫ్యాన్ స్టిక్కర్ మీద ఎన్ని ఆంపియర్లో రాసి ఉంటుంది కాబట్టి కూడుకుని చూసుకోండి. మంచి స్ప్లిటర్లలో ఒక కొస నుంచే వేగం సిగ్నల్ పోతుంది, రెండో దాంట్లో ఆ పిన్ను ఉండదు. అది లోపం కాదు, అలాగే ఉండాలి. లైట్ల వైరు విషయంలో మాత్రం జాగ్రత్త: ఒక్కో లైటు వేరే రంగు చూపగల 5 వోల్టుల ఏఆర్‌జీబీ లైట్లని, అన్నీ ఒకే రంగులో వెలిగే 12 వోల్టుల ఆర్‌జీబీ రకం హెడర్‌కి తగిలిస్తే లైట్లు కాలిపోతాయి.

మూడో అడుగు: మీ చెవికి హద్దు ఎక్కడో కనిపెట్టండి

రాత్రి పదింటి తర్వాత, గదిలో సీలింగ్ ఫ్యాన్ ఆపి ఈ పని చేయండి. కంప్యూటర్ ఆన్ చేస్తూ డిలీట్ లేదా ఎఫ్2 నొక్కితే బయాస్ వస్తుంది. ఫ్యాన్ సెట్టింగ్‌ని ఆసుస్ బోర్డుల్లో క్యూ-ఫ్యాన్ అంటారు, గిగాబైట్‌లో స్మార్ట్ ఫ్యాన్, ఎంఎస్ఐలో హార్డ్‌వేర్ మానిటర్, ఏఎస్‌రాక్‌లో ఫ్యాన్-టాస్టిక్ ట్యూనింగ్.

ఒక్కో ఫ్యాన్‌ని 100 శాతం నుంచి ఐదేసి శాతం తగ్గిస్తూ, ఒక్కో మెట్టు దగ్గర అరనిమిషం ఆగి వినండి. మీరు మామూలుగా కూర్చునే కుర్చీలో, మామూలు దూరంలో ఉండాలి. క్యాబినెట్ దగ్గర చెవి పెట్టి వింటే ఏ ఫ్యానూ నచ్చదు. కాగితం మీద మూడు అంకెలు రాసుకోండి. మొదటిది, చప్పుడు ఇబ్బంది పెట్టడం ఆగిన ఆర్‌పీఎం. రెండోది, గది నిశ్శబ్దంలో పూర్తిగా కలిసిపోయిన ఆర్‌పీఎం. మూడోది, ఫ్యాన్ ఆగిపోయే చోటు. పీడబ్ల్యూఎం ఫ్యాన్లు కొన్ని 20 శాతం కింద ఆగిపోతాయి, కొన్ని అక్కడే కనీస వేగంలో తిరుగుతూ ఉంటాయి. డీసీ మోడ్‌లో అయితే ఇంకా ముందే ఆగుతాయి. పైగా తిరుగుతున్న ఫ్యాన్‌ని తిరుగుతూ ఉంచడానికి సరిపోయే వోల్టేజీ, ఆగిన ఫ్యాన్‌ని కదిలించడానికి సరిపోదు. అందుకే మీ కనీస వేగం ఆ ఆగే చోటుకి కాస్త పైన ఉండాలి.

వినేటప్పుడు ఇంకోటి గమనించండి. 900 దగ్గర నిశ్శబ్దంగా, 1000 దగ్గర గుయ్‌మంటూ, 1100 దగ్గర మళ్లీ మామూలుగా ఉండే ఫ్యాన్లు ఉంటాయి. ఆ ఒక్క వేగం దగ్గర ఫ్యాన్ కంపనం, క్యాబినెట్ కంపనం జతకలుస్తాయన్నమాట. ఆ ఆర్‌పీఎం రాసి పెట్టుకోండి, తర్వాతి అడుగులో దాన్ని దాటించేద్దాం.

వేగం తగ్గిస్తే ఎంత లాభమో ఒక లెక్క చూడండి. ఫ్యాన్ వేగం సగం చేస్తే గాలి సగమవుతుంది, శబ్దం మాత్రం సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. పది డెసిబెల్స్ తగ్గితేనే చెవికి చప్పుడు సగమైనట్టు అనిపిస్తుంది. మరోపక్క, ఒకే రకం ఫ్యాన్ ఇంకోటి జోడిస్తే పెరిగేది 3 డెసిబెల్సే. కాబట్టి 1500లో తిరిగే ఒక ఫ్యాన్ బదులు 750లో తిరిగే రెండు పెడితే దాదాపు అంతే గాలి వస్తుంది, శబ్దం 12 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. క్యాబినెట్ లోపలి అడ్డంకుల వల్ల నిజంలో లెక్క ఇంత కచ్చితంగా రాదు కానీ దారి ఇదే.

నాలుగో అడుగు: కర్వ్ గీయండి

ఎంత వేడికి ఎంత వేగం అనే గీతనే ఫ్యాన్ కర్వ్ అంటారు. ప్రాసెసర్ ఫ్యాన్‌కి ఇలా మొదలుపెట్టండి:

- 50 డిగ్రీల వరకు: మీ రెండో అంకె, అంటే వినపడని వేగం. సుమారు 25 నుంచి 30 శాతం
- 65 డిగ్రీలు: 40 శాతం
- 75 డిగ్రీలు: మీ మొదటి అంకె, ఇబ్బంది మొదలవ్వని వేగం
- 85 డిగ్రీలు: 80 శాతం
- 90 డిగ్రీలు: 100 శాతం

గుయ్‌మనే వేగం ఈ మధ్యలో ఎక్కడైనా పడితే అక్కడ గీతని నిటారుగా ఎక్కించండి. ఫ్యాన్ ఆ వేగంలో నిలబడకుండా రెండు డిగ్రీల తేడాలోనే దాటేస్తుంది.

85 డిగ్రీలంటే కంగారు పడేవాళ్లుంటారు. ఇంటెల్ 12, 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు 100 డిగ్రీలకు, ఏఎండీ రైజెన్ 7000 వరుసలో చాలావరకు 95కి చేరాకే వేడి వల్ల తమ వేగం తగ్గించుకుంటాయి. బరువైన పని చేస్తున్నప్పుడు 80ల్లో ఉండటం తప్పేమీ కాదు. 60 దాటకూడదని పట్టుబడితే దాని ఖరీదు మీ చెవులు చెల్లిస్తాయి.

ఇక అసలు కిటుకు. బ్రౌజర్ తెరిస్తే చాలు, ఇప్పటి ప్రాసెసర్ వేడి క్షణంలో 45 నుంచి 65కి ఎగిరి మళ్లీ కిందికి వస్తుంది. ఫ్యాన్ ఆ గెంతులన్నిటి వెంటా పడి లేస్తూ ఉంటే ఉస్సు, ఉస్సు మంటూ ప్రాణం తీస్తుంది. నిలకడగా వచ్చే చప్పుడుకి చెవి అలవాటు పడుతుంది, మారుతూ ఉండే చప్పుడుకి పడదు. బయాస్‌లో స్టెప్-అప్ టైమ్, స్టెప్-డౌన్ టైమ్ అని ఉంటాయి, వాటిని పెంచండి. పెరగడానికి నాలుగైదు సెకన్లు, తగ్గడానికి పది సెకన్లు దాటినా ఫర్వాలేదు. ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్‌లోని లోహం వేడెక్కడానికే కాస్త సమయం పడుతుంది కాబట్టి ఈ ఆలస్యం వల్ల ప్రాసెసర్‌కి నష్టం లేదు. కర్వ్‌లో అంకెలన్నీ వదిలేసినా ఈ ఒక్క సెట్టింగ్ మాత్రం మార్చండి.

క్యాబినెట్ ఫ్యాన్ల సంగతి వేరు. గేమ్ ఆడేటప్పుడు వేడంతా గ్రాఫిక్స్ కార్డుది, కానీ మామూలుగా బయాస్‌కి కనపడేది ప్రాసెసర్, బోర్డు సెన్సర్లే. విండోస్‌లో ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అందులో ప్రాసెసర్ వేడి, గ్రాఫిక్స్ వేడి రెండిట్లో ఏది ఎక్కువైతే దాన్నే క్యాబినెట్ ఫ్యాన్లు అనుసరించేలా పెట్టొచ్చు. లినక్స్ వాడేవాళ్లకి కూలర్‌కంట్రోల్ ఉంది. ప్రోగ్రామ్ నచ్చకపోతే క్యాబినెట్ ఫ్యాన్లని బయాస్‌లోనే బోర్డు ఉష్ణోగ్రతకి ముడిపెట్టండి, అది నిదానంగా మారుతుంది కాబట్టి ఫ్యాన్లూ నిదానంగానే ఉంటాయి.

రెండు చిన్న హెచ్చరికలు. వేగం బాగా తగ్గించాక స్టార్ట్ అయ్యేటప్పుడు సీపీయూ ఫ్యాన్ ఎర్రర్ వస్తే, బయాస్‌లో ఫ్యాన్ కనీస వేగం హద్దుని 200 ఆర్‌పీఎంకి దించండి. లిక్విడ్ కూలర్ ఉంటే దాని పంపుని ఫ్యాన్ లాగా ఎక్కిస్తూ దించుతూ ఉండకండి, ఒకే స్థిరమైన వేగంలో ఉంచండి.

ఐదో అడుగు: వేడినే తగ్గించండి

పుట్టని వేడికి ఫ్యాన్ అక్కర్లేదు. రైజెన్ వాడేవాళ్లు బయాస్‌లో ఎకో మోడ్ వెతకండి. ఏఎం4 (రైజెన్ పాత తరాల సాకెట్) బోర్డు మీద 105 వాట్ల రకం ప్రాసెసర్ నిజానికి 142 వాట్ల దాకా లాగుతుంది, 65 వాట్ల ఎకో మోడ్ పెడితే 88 దగ్గర ఆగుతుంది. గేముల్లో తేడా పెద్దగా తెలియదు, వీడియో ఎగుమతి లాంటి పనులు కొంచెం నెమ్మదిస్తాయి. ఇంటెల్‌లో పీఎల్1, పీఎల్2 అనే పవర్ పరిమితులు తగ్గిస్తే ఇదే ఫలితం. గ్రాఫిక్స్ కార్డుకి ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌లో పవర్ లిమిట్‌ని 80, 85 శాతానికి దించి చూడండి.

ప్రాసెసర్‌తో డబ్బాలో వచ్చిన చిన్న కూలరే ఇంకా వాడుతుంటే, మొదటి ఖర్చు దాని మీదే పెట్టండి. ఆ చిన్న రెక్కలు ఎండాకాలంలో 2000, 3000 ఆర్‌పీఎం మీద అరవక తప్పదు. డీప్‌కూల్ ఏకే400 లాంటి ఒకే ఫ్యాన్ టవర్ కూలర్ వేస్తే అదే వేడిని 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ నింపాదిగా లాగేస్తుంది. నాలుగు క్యాబినెట్ ఫ్యాన్లు మార్చినా ఇంత తేడా రాదు. కొనేముందు కూలర్ ఎత్తు మీ క్యాబినెట్‌లో పడుతుందో లేదో మాత్రం కొలుచుకోండి.

ఆరో అడుగు: ఇప్పుడు కొనండి

క్యాబినెట్‌లో 140 మిల్లీమీటర్ల ఫ్యాన్‌కి చోటుంటే అది తీసుకోండి, లేకపోతే 120. మందం 25 మిల్లీమీటర్లు ఉండాలి. 15 మిల్లీమీటర్ల సన్నవి చోటు లేనప్పుడే. నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం రకమే అడగండి.

డబ్బా మీది డెసిబెల్స్ అంకెని చూసి రెండు కంపెనీలను పోల్చకండి. ఎవరు ఎలా కొలిచారో వేర్వేరు. పైగా ఆ కొలత ఎదురుగా ఏ అడ్డూ లేనప్పటిది, మీ ఇంట్లో దాని ముందు జాలీ, ఫిల్టర్ ఉంటాయి. నేనైతే చూసేవి రెండు. ఒకటి, కనీస వేగం ఎంతకి దిగుతుంది. రెండు, స్టాటిక్ ప్రెజర్ ఎంత, అంటే అడ్డు ఉన్నప్పుడు గాలిని ఎంత బలంగా నెట్టగలదు. దుమ్ము ఫిల్టర్ లేకుండా మనకి కుదరదు కాబట్టి ముందువైపు ఫ్యాన్లకి ఇది 2 మిల్లీమీటర్ల నీటి మట్టానికి (వివరాల్లో mmH2O అని ఉంటుంది) తగ్గకుండా చూసుకోండి. వెనక ఖాళీ జాలీ దగ్గర ఏదైనా సరిపోతుంది.

బేరింగ్ విషయానికొస్తే, స్లీవ్ రకం చవక, మొదట్లో నిశ్శబ్దంగానే ఉంటుంది. కానీ వేడికి నూనె ఆరిపోయి గరగరమంటుంది. పైకప్పులో పడుకోబెట్టి బిగిస్తే ఇంకా తొందరగా పాడవుతుంది. మన ఎండలకి ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగ్ తీసుకోవడం మేలు.

పేర్లు చెప్పమంటే రెండు చెబుతాను. ఆర్కటిక్ పీ12 పీడబ్ల్యూఎం పీఎస్‌టీ 200 నుంచి 1800 ఆర్‌పీఎం వరకు తిరుగుతుంది, ఒకదాని వైరుకి ఇంకోటి తగిలించుకునే వీలు దాంట్లోనే ఉంది, ధర కూడా అందుబాటులో ఉంటుంది. ఆస్ట్రియా కంపెనీ నాక్టువా 2018లో తెచ్చిన ఎన్‌ఎఫ్-ఏ12ఎక్స్25లో రెక్క కొసకీ ఫ్రేముకీ మధ్య ఖాళీ అర మిల్లీమీటరే. ఫ్యాన్‌గా అది గొప్పదే, కానీ ధరా అలాగే ఉంటుంది. ప్రాసెసర్ కూలర్ మీదికి ఒకటి కొంటే అర్థముంది. క్యాబినెట్ నిండా అవే నింపడం మాత్రం నా దృష్టిలో దుబారా. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట కొనేటట్టయితే స్టిక్కర్ మీద మోడల్, ఆంపియర్లు చదివి, పిన్నులు లెక్కపెట్టి మరీ తీసుకోండి. లైట్లు ఎంత బాగా వెలుగుతున్నాయన్నది చివర చూడాల్సిన విషయం.

బిగించేటప్పుడు

మోటారుని పట్టుకున్న కడ్డీలు, స్టిక్కర్ ఉన్న వైపు నుంచి గాలి బయటికి వస్తుంది. కొన్నిటికి ఫ్రేము మీద బాణం గుర్తు కూడా ఉంటుంది. ముందు రెండు లోపలికి, వెనక ఒకటి బయటికి పెడితే మామూలు ఇంటి కంప్యూటర్‌కి చాలు. లోపలికి వచ్చే గాలి కాస్త ఎక్కువగా ఉంటే దుమ్ము ఫిల్టర్ల దగ్గరే ఆగుతుంది, సందుల్లోంచి దూరదు.

స్క్రూల బదులు రబ్బరు పిన్నులు వాడితే వణుకు రేకుకి పాకదు. రెక్కలకి మరీ దగ్గరగా జాలీ ఉంటే కొత్త ఫ్యానైనా కూతపెడుతుంది. అర సెంటీమీటరు మందం స్పేసర్ వేసి దూరం జరిపితే చాలాసార్లు ఆ కూత పోతుంది.

రెండు నెలలకోసారి ఫిల్టర్లు కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టండి. బ్లోయర్‌తో దుమ్ము ఊదేటప్పుడు రెక్కని వేలితో కదలకుండా పట్టుకోండి. గాలికి గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

మే నెల పరీక్ష

అన్నీ అయ్యాక అసలు పరీక్ష ఎండాకాలం మధ్యాహ్నం మూడింటికి. ఒకే పని, ఒకే ఫ్యాన్ వేగం అయితే గది ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. డిసెంబర్‌లో 24 డిగ్రీల గదిలో 76 చూపిన ప్రాసెసర్ 36 డిగ్రీల గదిలో 88కి వస్తుంది. డాబా కింది పై అంతస్తు గదైతే ఇంకా పైకి. వేడి అంకెలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్ తెరిచి పెట్టుకుని, ప్రాసెసర్‌కి పూర్తి పని పెట్టే సినీబెంచ్ పరీక్షనో, మీరు ఆడే గేమ్‌నో అరగంట నడపండి. వేడి 90 దాటకుండా నిలబడితే ఆ కర్వ్ ఏడాది పొడవునా పనికొస్తుంది. దాటితే 75 నుంచి పైభాగాన్ని మాత్రం ఎక్కించండి, కింది భాగం ముట్టుకోకండి. రాత్రిపూట మీరు వినేది కింది భాగాన్నే.

చలికాలం పరీక్ష చేసేవాళ్లు అప్పుడు వచ్చిన అంకెకి 12 కలుపుకుని చూసుకోండి. బయాస్‌లో ప్రొఫైల్ సేవ్ చేసే వీలుంటుంది కాబట్టి ఎండాకాలానికొకటి, చలికాలానికొకటి పెట్టుకోవచ్చు. కర్వ్ స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో కూడా తీసి ఉంచండి, బయాస్ అప్‌డేట్ చేస్తే ఈ సెట్టింగులు సాధారణంగా చెరిగిపోతాయి.